పదకొండో నంబరు హెచ్చరిక

"మోటారు కట్టెయ్ బాబూ! అరగంట నుంచీ మా గోడ మీద వరదే!"

పొద్దున్న ఏడు గంటలకి గోడ అవతల నుంచి పిన్నిగారి కేక. కాఫీ గ్లాసు చేతిలో ఉంది, ఫోను ఎదురుగా ఉంది. ఫోన్లో ట్యాంకు 62 శాతం అని కనిపిస్తోంది. "ఇంకా నిండలేదండీ" అనబోతూ తలెత్తి చూశాను. మేడ మీది గొట్టంలోంచి నీళ్ళు ధారగా ఆవిడ గోడ మీదకి దూకుతున్నాయి. పరిగెత్తి స్విచ్చు కట్టేసి వచ్చి మళ్ళీ ఫోను చూశాను. అప్పుడూ 62 శాతమే. ఆ అంకె ఎప్పటిదా అని లోపలికి వెళ్ళి వెతికితే తెల్లవారుజామున నాలుగుంబావుదని తేలింది. ఆ తరవాత సెన్సారు నుంచి ఒక్క కబురూ లేదు. మూడు గంటల కిందటి సంగతిని నా ఫోను ఇప్పటి సంగతిలాగా చూపిస్తూ కూర్చుంది.

విశాఖలో సీతమ్మధారలో మాది పాతకాలపు డాబా. కుళాయి నీళ్ళు పొద్దున్నే వచ్చి సంపులో పడతాయి. సంపులోంచి మోటారు మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకి ఎక్కిస్తుంది. ఖాళీ ట్యాంకు నిండడానికి ఇరవై అయిదు నిమిషాలు. ఈ మోటారు వెయ్యడం, కట్టడం అనే చాకిరీ తప్పించుకుందామని ట్యాంకు మూతకి ఒక అల్ట్రాసోనిక్ సెన్సారు బిగించాను. అది నీటి మట్టం కొలిచి వైఫై మీద కింద ఉన్న చిన్న కంప్యూటరుకి పంపుతుంది. ఆరింటికి ట్యాంకు 80 శాతం కంటే తక్కువుంటే మోటారు వెయ్యాలి, 95 దాటితే కట్టెయ్యాలి. నేను రాసిన నియమం ఇంతే. ఆ రోజు అది నియమం తప్పలేదు. 62 కాబట్టి ఆరింటికి వేసింది, 95 రాలేదు కాబట్టి కట్టలేదు.

మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అంటారు. పెళ్ళిచూపుల్లో చెల్లుతుందేమో. నా కంప్యూటరు కూడా అలాగే అనుకుంది. సెన్సారు కొత్తగా ఏమీ అనలేదు కాబట్టి పాత మాట మీదే ఉందని తీర్మానించుకుంది.

ఆ సాయంత్రం మా వీధి ఎలక్ట్రీషియన్‌తో కలిసి మేడెక్కి డబ్బా విప్పాను. సముద్రం మా ఇంటి నుంచి కనిపించదు. దాని ఉప్పు మాత్రం వస్తుంది. మూడు పెన్సిల్ సెల్లుల్నీ పట్టి ఉంచే స్ప్రింగుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. "ఉప్పుగాలికి ఇనప గేటే ఆగట్లేదు, ఈ స్ప్రింగు ఆగుద్దేటి బాబూ" అన్నాడతను. నేను ఒప్పుకోలేదు. మీటరు పెట్టి చూపించాను. 4.1 వోల్టులు. సెన్సారు చిప్పుకి కావలసింది 3.3. బోలెడు మిగులుందిగా?

అతనిదే నిజం. మీటరు చూసేది సెల్లు కూర్చుని ఉన్నప్పుడు. సెన్సారు రోజంతా దాదాపు నిద్రలో ఉండి, అయిదు నిమిషాలకోసారి లేచి వైఫైలో ఒక్క కేక వేసి మళ్ళీ పడుకుంటుంది. ఆ కేక వేసే క్షణంలో ఇలాంటి చిప్పు 300 మిల్లీయాంపియర్ల దాకా లాగుతుంది. చిలుము వల్లా, సెల్లులు పాతబడడం వల్లా దారిలో మూడు ఓములు నిరోధం చేరిందనుకుంటే, ఓమ్ సూత్రం ప్రకారం 0.9 వోల్టు అక్కడే పోతుంది. 4.1లోంచి 0.9 తీస్తే 3.2. చిప్పు కళ్ళు తిరిగి పడిపోయి, మొదటి నుంచి లేస్తుంది, మళ్ళీ కేక వెయ్యబోతుంది, మళ్ళీ పడిపోతుంది. కూర్చున్నంత సేపూ కులాసాగా కబుర్లు చెప్పి, లేవబోతే మోకాళ్ళు పట్టేసే ముసలాయన లాంటిదన్న మాట. బ్యాటరీ శాతం చూపించే బొమ్మని నేనప్పటి నుంచీ పెద్దగా పట్టించుకోను.

స్ప్రింగులు గరుకు కాగితంతో రుద్ది, కొత్త సెల్లులు వేశాక కూడా కబుర్లు తెగుతూనే ఉన్నాయి. అప్పుడు రేడియో సంగతి చూడాల్సి వచ్చింది. మామూలు వైఫై తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అది సెన్సారు నుంచి రౌటరుకి ఒక్క దారిలో పోదు. స్లాబు మీద పడి, లోపలి ఇనప చువ్వలకి తగిలి, ఎదురింటి గోడ మీద నుంచి తిరిగి, నాలుగైదు దారుల్లో వస్తుంది. ఒక దారిలో వచ్చిన అలకి శిఖరం ఉన్నచోట ఇంకో దారిలో వచ్చిన అలకి లోయ ఉంటే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. అలాంటి చోట సెన్సారు ఉంటే దాని గొంతు వినపడదు. అక్కణ్ణించి పావు తరంగం జరిపితే చాలు. పావు తరంగమంటే మూడు సెంటీమీటర్లు, రెండు వేళ్ళ వెడల్పు. నేను డబ్బాని మూత మీద అంత మేరే జరిపి చూశాను. సంకేత బలం మైనస్ 90 డెసిబెల్స్ నుంచి మైనస్ 70కి వచ్చింది. చూడ్డానికి ఇరవై అంకెల తేడా, లెక్కలో వంద రెట్లు. మర్నాడు మా అమ్మ ట్యాంకు పక్కన ఇత్తడి బిందె బోర్లించి ఆరబెట్టింది. మళ్ళీ మైనస్ 86.

ఇందులో నన్ను బాగా నవ్వించింది నీళ్ళ పాత్ర. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని నీరు గట్టిగా పీల్చుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ అన్నం వేడి చేసేది కూడా దాదాపు ఇదే తరంగంతో. నా సెన్సారు మూత మీద, రౌటరు కింద హాల్లో. మధ్యలో ట్యాంకు. ట్యాంకు ఖాళీగా ఉంటే సెన్సారు చక్కగా వినిపిస్తుంది. నిండేకొద్దీ గొంతు పూడుకుపోతుంది. అంటే "నిండింది, ఆపండి" అని చెప్పాల్సిన వేళకే దానికి మాట పడిపోతుంది. ఇలాంటి చోట సెన్సారుని బిగించిన తెలివి నాదే.

తరంగం బాగున్నా గాల్లో రద్దీ ఉంది. మా ఇంట్లో నిలబడి ఫోన్లో చూస్తే చుట్టుపక్కల వైఫైలు పద్దెనిమిది కనిపిస్తాయి. తెల్లారకముందు ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం చూసినవాళ్ళకి దీన్ని వేరే వర్ణించక్కర్లేదు. ఇద్దరు ఒకేసారి అరిస్తే ఇద్దరి పాటా పోతుంది. ఈ గోలకి లెక్క కట్టింది హవాయి విశ్వవిద్యాలయం వాళ్ళు. దీవుల్లోని కంప్యూటర్లని రేడియోతో కలపడానికి నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో అలోహా అనే వల నడిపింది. నియమం చాలా సులువు. మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడు, జవాబు రాకపోతే కాసేపాగి మళ్ళీ మాట్లాడు, ఎంతసేపాగాలో పాచికలు వేసి తేల్చుకో. ఇంత స్వేచ్ఛకి మూల్యం కూడా లెక్కలో తేలింది. ఎంత బాగా నడిచినా గాల్లో ఉన్న కాలంలో 18 శాతానికి మించి పనికి రాదు. తరవాత వచ్చిన వైఫై, జిగ్‌బీ లాంటివి ముందు చెవి పెట్టి విని, ఎవరూ మాట్లాడకపోతేనే నోరు విప్పుతాయి. చవకరకం తలుపు సెన్సార్లు కొన్ని ఇప్పటికీ వినవు. జవాబు కోసమూ ఆగవు. అదే మాట మూడు నాలుగు సార్లు అరిచి పడుకుంటాయి. ఆ నాలుగూ గోలలో కలిసిపోతే తలుపు తెరుచుకున్న సంగతి ఎవరికీ తెలియదు.

జిగ్‌బీ పద్ధతిలో ఇంకో తంటా ఉంది, అది మన దేశానిదే. ఆ పద్ధతిలో ఒక పరికరం మాటని ఇంకో పరికరం అందుకుని ముందుకి చేరవేస్తుంది. ఎప్పుడూ కరెంటు మీద ఉండే ప్లగ్గులు, బల్బులు ఈ చేరవేత పని చేస్తాయి. చాలా దేశాల్లో గోడ ప్లగ్గులకి స్విచ్చులుండవు, అవి ఎప్పుడూ బతికే ఉంటాయి. మన ఇళ్ళల్లో ప్రతి ప్లగ్గుకీ పక్కన ఒక స్విచ్చు, ప్రతి స్విచ్చుకీ దాన్ని కట్టే ఒక అమ్మ. "ఎవరూ లేని గదిలో స్విచ్చు వేసి ఉంచుతారా?" అని మా అమ్మ మధ్యగది ప్లగ్గు కట్టేసిన రోజున వంటింటి సెన్సార్లు మూడూ ఒకేసారి మూగబోయాయి. అమ్మని తప్పు పట్టడానికి ఏమీ లేదు. కరెంటు బిల్లు కట్టేది ఆవిడే.

ఈ లోపాలన్నీ ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోవచ్చు. నేనూ పోయాను. కానీ వైరు లేని సెన్సారు ఎన్ని బాగుచేసినా ఎప్పుడో ఒకప్పుడు పలకడం మానేస్తుంది. నా అసలు తప్పు బ్యాటరీలో లేదు, నియమంలో ఉంది. నేను సెన్సారుకి రెండే సమాధానాలు రాసిపెట్టాను, నిండింది, నిండలేదు. మూడో సమాధానానికి చోటే ఇవ్వలేదు.

ఆ మూడో సమాధానం మా ఊరి ఓడరేవుకి ఎప్పటి నుంచో తెలుసు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే పేపర్లో "ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదవడం విశాఖవాసులకి మామూలే. ఒకటి, రెండు నంబర్లయితే తుపాను ఎక్కడో దూరాన సముద్రంలో ఉన్నట్టు. మూడు, నాలుగు అయితే రేవుకే గాలివాన రావచ్చని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పగలైతే స్తంభానికి శంకువులూ స్తూపాల ఆకారాలూ ఎక్కిస్తారు, రాత్రయితే ఎర్ర దీపాలూ తెల్ల దీపాలూ. పదితో అయిపోయిందనుకుంటారు చాలామంది. పదకొండోది కూడా ఉంది. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా మారవచ్చని స్థానిక అధికారి భావిస్తున్నాడు అని దాని అర్థం.

పదో నంబరు తుపాను సంగతి చెబుతుంది. పదకొండోది తుపాను గురించి కొత్తగా ఏమీ చెప్పదు, చెప్పేవాడి గొంతు పోయిందని మాత్రం చెబుతుంది. దాన్ని సున్నా దగ్గర పెట్టకుండా పది తరవాత పెట్టినవాళ్ళెవరో గాని, వాళ్ళు సముద్రం తెలిసినవాళ్ళు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కైలాసగిరి మీది డాప్లర్ రాడారే దెబ్బతింది. గాలిని కొలిచే యంత్రం గాలికే పోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. ఆ నాలుగు రోజులూ హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య "ఫోను కలవడం లేదంటే క్షేమంగా ఉన్నారేమోలే" అనుకోలేదు.

కంప్యూటర్ల లోకంలో ఈ పదకొండో నంబరుని ఎలా ఎక్కిస్తారు? ఒక పద్ధతి గుండె చప్పుడు. చెప్పడానికి ఏమీ లేకపోయినా సెన్సారు "ఉన్నాను" అని వేళకి చెబుతూ ఉండాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసు చేసేది అదే. దాని దీపం లయ తప్పిందంటే ఓడలో ఉన్నవాడికి అనుమానం వస్తుంది. ఇక్కడ చిక్కు ఎంతసేపాగి అనుమానించాలన్నదే. నా సెన్సారు అయిదు నిమిషాలకోసారి, అంటే రోజుకి 288 సార్లు పలుకుతుంది. పదింటిలో ఒకటి గాల్లో పోతుందనుకుందాం. వరుసగా మూడు పోయే అవకాశం వెయ్యికి ఒకటి. మూడు తప్పితే గంట కొట్టమందామా? రోజుకి 288 సార్లు పాచిక వేస్తున్నాం కాబట్టి నాలుగు రోజులకోసారి ఉత్తపుణ్యానికి గంట మోగుతుంది. వారంలోగా ఇంట్లోవాళ్ళు ఆ గంట నోరు మూయిస్తారు. నాలుగు దాకా ఆగితే వృథా గంట నెల దాటాకే వస్తుంది. కబుర్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా పోతేనే ఈ లెక్క. బిందె అడ్డం పెడితే అన్నీ కలిసే పోతాయి, అప్పుడు మోగే గంట వృథా కాదు.

కానీ నాలుగు కబుర్లంటే ఇరవై నిమిషాలు. మోటారు ఆడుతుంటే ట్యాంకు నిమిషానికి నాలుగు శాతం నిండుతుంది, ఇరవై నిమిషాల్లో 80 శాతం. పిన్నిగారి గోడకి అంత ఓపిక లేదు. అందుకని మట్టం పెరుగుతున్నట్టు కనిపిస్తే నిమిషానికోసారి పలకమని సెన్సారుకే నేర్పాను. నిద్రలో ఉన్నదాన్ని మనం లేపలేం, అదే తెలుసుకుని లేవాలి.

రెండో పద్ధతి వీలునామా. ఎంక్యూటీటీ అని సెన్సార్ల మాటలకి ఒక భాష ఉంది. 1999లో ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆయనతో కలిసి ఆర్లెన్ నిప్పర్ తయారుచేశారు. ఎడారుల్లోంచి పోయే చమురు గొట్టాల సంగతులు ఉపగ్రహం ద్వారా తెలుసుకోవడానికి పుట్టిన భాష అది. మన విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా ఉన్నదే, అలాంటి గొట్టాలు ఊహించుకోండి. ఎక్కడో పొలంలో ఉన్న మీటరు పలకకపోతే వెళ్ళి చూడ్డానికి ఒక రోజు పడుతుంది. అందుకని ఆ భాషలో ప్రతి పరికరం లోపలికి అడుగు పెట్టగానే మధ్యవర్తి చేతిలో ఒక వీలునామా పెడుతుంది. "నేను చెప్పకుండా మాయమైతే నా తరఫున ఈ మాట అందరికీ చెప్పండి" అని. పేరు కూడా అక్షరాలా వీలునామా అనే పెట్టారు. అదే భాషలో ఒక ఉచ్చూ ఉంది. ఆఖరి కబురుని దాచిపెట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి చూపించే సౌకర్యం. నా 62 శాతం అక్కడ దాచినదే. దాచిన కబురు మీద తేదీ వెయ్యకపోతే అది పెద్దవాళ్ళు దాచిన పాత ఉత్తరం. చదివితే రాసినవాళ్ళు ఇంకా ఉన్నారనిపిస్తుంది.

పలకని సెన్సారు కంటే తప్పు పలికే సెన్సారుతో పని వేరు. అల్ట్రాసోనిక్ సెన్సారు ధ్వనిని పంపి, నీటి మీద నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనికి ఎంత సేపు పట్టిందో చూస్తుంది. 20 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతుంది. మే నెలలో ట్యాంకు మూత కింద 45 డిగ్రీలుంటే మీటరు దూరానికి నాలుగు సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఇది సర్దుకోవచ్చు. సెన్సారు ముఖానికి పట్టిన ఆవిరి బొట్టుతో వచ్చేది సర్దుకోలేం, ఉన్నట్టుండి 95 అంటుంది. వరుసగా 61, 62, 95, 62, 61 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 68 దాటుతుంది, ఒక్క అబద్ధం మొత్తాన్ని చెడగొట్టింది. అంకెల్ని వరసలో పేర్చి మధ్యదాన్ని తీసుకుంటే 62 వస్తుంది. అబద్ధం చివరికి పోయి కూర్చుంటుంది, దాని మాట చెల్లదు. దీనికంటే కూడా నాకు నచ్చింది మోటారుని సాక్షికి పిలవడం. నిమిషానికి నాలుగు శాతం కంటే ఎక్కించలేని మోటారు ఒక్క నిమిషంలో ముప్ఫై ఎలా ఎక్కిస్తుంది?

నిజం పలుకుతూనే మోసం చేసే సెన్సారు మూడోది. దాని సంగతి నవ్వుతూ రాయలేను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి వచ్చి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. లాక్‌డౌన్‌లో కదలిక లేకుండా నిల్వ ఉన్న ద్రవం పై పొరల్లో వేడెక్కింది. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున ఉంది గాని మధ్యలో, పైన లేదు. కొలిచిన చోట అంకె బాగానే ఉంటుంది. కొలవని చోట ఏముందో ఆ అంకెకి తెలియదు. సైరను మోగించే సదుపాయం 36 చోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదని కూడా ఆ కమిటీ రాసింది.

ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరైన మా మేనమామ కూర్మన్నపాలెంలో ఉంటాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు ఇంటి ఆడపిల్లల పేర్లలా పలుకుతాడు. నా ట్యాంకు కథంతా విని, "ఒక్క సెన్సారు పెట్టి నిద్రపోయావట్రా? మూడింటిలో రెండు ఒప్పుకుంటేనే కదా నమ్మేది" అన్నాడు. పెద్ద పరిశ్రమల్లో ప్రాణాపాయం ఉన్నచోట ఇది పాత అలవాటే. దీని వెనక ఉన్న లెక్కని జాన్ ఫాన్ నాయ్‌మన్ 1952లో ఉపన్యాసాలుగా చెప్పాడు, 1956లో అచ్చయింది. నమ్మకం లేని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని ఎలా కట్టాలన్నది ఆయన ప్రశ్న. ఒక్కోటీ పదిసార్లలో ఒకసారి తప్పు చెప్పే సెన్సార్లు మూడు పెట్టి మెజారిటీ మాట తీసుకుంటే, ఆ మాట తప్పయ్యేది వందలో మూడు సార్లలోపే. షరతు ఒక్కటే, వాటి తప్పులు ఎవరివి వాళ్ళవి కావాలి. ముగ్గురు సాక్షులూ ఒకే రచ్చబండ దగ్గర విని వచ్చి చెబితే అది ఒక్క సాక్ష్యమే. మూడు సెన్సార్లూ ఒకే డబ్బాలో, ఒకే చిలుము పట్టిన స్ప్రింగు మీద పెడితే మూడూ కలిసి పడుకుంటాయి.

అందుకని నేను మూడు అల్ట్రాసోనిక్‌లు కొనలేదు. ట్యాంకు పైఅంచున వైరుతో పనిచేసే ఫ్లోట్ స్విచ్చు ఒకటి వేలాడదీశాను. నీళ్ళు తగిలితే తేలుతుంది, తేలితే మోటారు ఆగుతుంది. దానికి రేడియో లేదు, బ్యాటరీ లేదు, తెలివి అసలే లేదు. మోటారు రిలేలో ముప్ఫై నిమిషాల గడియారం పెట్టాను. కంప్యూటరు ఉన్నా చచ్చినా ముప్ఫై నిమిషాలకి మోటారు ఆగాల్సిందే. ఇక పలకని సెన్సారుకి ఏ వైపు ఒరగాలో ఒక్కోదానికీ విడివిడిగా రాసుకున్నాను. ట్యాంకు సెన్సారు పలకకపోతే మోటారు ఆగిపోవాలి. మెట్ల దగ్గర మనిషి అలికిడి పట్టే సెన్సారు పలకకపోతే దీపం వెలగాలి, చీకట్లో అమ్మ జారిపడడం కంటే బిల్లు నయం. గ్యాసు సెన్సారు పలకకపోతే గంట మోగాలి. వంటింటి తలుపు సెన్సారు పలకకపోతే ఏమీ చెయ్యక్కర్లేదు, అది అసలు ఎందుకు పెట్టానో ఇప్పుడు నాకే గుర్తులేదు.

ఫోన్లో "అందుబాటులో లేదు" అని బూడిదరంగులో రాసే చోట, పెద్ద ఎర్ర అక్షరాల్లో 11 అని వచ్చేటట్టు మార్చాను. ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, నాకు అవుతుంది.

మొన్న వానల్లో ఒక పొద్దున్న అది రానే వచ్చింది. ట్యాంకు, ఎర్రగా 11. నియమం ప్రకారం మోటారు వెయ్యలేదు. నేను ఊళ్ళో లేను, ఫోను చూసుకోలేదు. ఎనిమిదింటికల్లా కుళాయిలు గుర్రుమన్నాయట. అమ్మ బకెట్టు పట్టుకుని సంపు దగ్గరికి వచ్చేసరికి గోడవతల పిన్నిగారు అప్పటికే నిలబడి ఉన్నారట.

"ఏటి వదినా, ఇవాళ ఆరింటికి మీ మోటారు చప్పుడు వినపడనేదు. బాబు ఊళ్ళో లేడేటి?"